వంటింటి మీదుగా పోయిన గీత

మా ఆఫీసులో నా నోటికి పేరుంది. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం కాదు. ఇంటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు మెట్ల దగ్గర నా గొంతు వినగానే, ముందు ఓ చాయ్ తాగి వద్దామని వెనక్కి మళ్లేవారు. ఫైలు ఆపినవాళ్లను ఎందుకు ఆపారని తిట్టేదాన్ని. ఆపనివాళ్లను తొందరపడి తప్పులు రాశారని తిట్టేదాన్ని. తిట్టిన కాసేపటికే నా డబ్బాలోంచి బియ్యప్పిండి సర్వప్ప ముక్క తుంచి వాళ్ల చేతిలో పెట్టేదాన్ని కూడా. అందుకే ఎవరూ మనసులో పెట్టుకునేవారు కాదు.

నేను పుట్టింది కరీంనగర్‌లో. ఆదిలాబాద్ వైపు, ఉట్నూరు పోయే జీపులు ఆగి చాయ్ తాగే ఓ చిన్న ఊరికి కోడలిగా వచ్చి, ఆ ఊరి మున్సిపల్ ఆఫీసులోనే గుమాస్తాగా చేరి, మెల్లగా సూపరింటెండెంట్ దాకా వచ్చాను. ఊరి పేరు చెప్పను. చెబితే మావాళ్లు ‘గిదంతా ఎందుకు రాసినవ్’ అని నా మీదికొస్తారు. అప్పుడు మళ్లీ నా నోరు లేవాల్సి వస్తుంది.

మా ఆఫీసులో కుర్చీలన్నీ చేతులు విరిగి, గోతులు పడి ఉండేవి. ఒక్క టౌన్ ప్లానర్ కుర్చీ మాత్రం కొత్తగా ఉండేది. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. మనిషి నిలిస్తే కదా తీసేది.

టౌన్ ప్లానర్ అంటే ఊరికి లెక్కాపత్రం రాసే మనిషి కాదు. రోడ్డు ఎటు పోవాలి, మోరి, అంటే మురికి కాలువ, ఎటు పారాలి, బడికి ఎక్కడ జాగా ఉంచాలి, ఎవరు ఇల్లు కట్టుకుంటే ముందు ఎంత వదలాలి అని గీసి చెప్పే మనిషి. దానికో చదువుంది. ఆ చదువు చదివినవాళ్లు మా చుట్టుపక్కల దీపం పెట్టి వెతికినా దొరకరు. మా పిల్లలు చదివితే టీచర్లయ్యారు, నర్సులయ్యారు, కానిస్టేబుళ్లయ్యారు. ఊరు గీసే చదువొకటి ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. కాబట్టి ఆ మనిషిని బయటినుంచే తెచ్చుకోవాలి.

తెచ్చుకున్నాం. ఒకాయన హైదరాబాద్ నుంచి సరిగ్గా చలి ముదిరినప్పుడు వచ్చి చేరాడు. ఆఫీసులో మంకీ టోపీ పెట్టుకుని, చేతులు చంకల్లో దాచుకుని కూర్చునేవాడు. కళ్లు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. చలి తగ్గకముందే వెళ్లిపోయాడు. ఆయన మొహం ఎలా ఉంటుందో మాలో చాలామందికి ఇప్పటికీ తెలీదు. ఇంకొకాయన మా ఊరికి వస్తూ వస్తూ, దారిలో కరీంనగర్‌లో ఆగి, అక్కడే ఉండిపోయాడు. పెద్ద ఊరు, పిల్లలకు మంచి బళ్లు ఉన్నాయి, ఆయన్ని తప్పు పట్టలేం. కానీ ఆ వంకతో మా ఆఫీసు వాళ్లు నన్ను కొన్నాళ్లు ఆడిపోసుకున్నారు. “మీ పుట్టినిల్లోళ్లు మా మనిషిని గుంజుకున్నరు” అని.

వాళ్లకిది నవ్వులాట. నాకు కాదు. మా ఇల్లున్న వాడ ఊరికి పల్లంలో ఉంది. వాన పడితే ఊళ్లో నీళ్లన్నీ మా గల్లీకి చుట్టాల్లా వచ్చి, చుట్టాల్లానే త్వరగా కదిలేవి కావు. మా అత్త తన ఆఖరి వానాకాలమంతా ఇటుకల మీద పెట్టిన మంచం మీదే గడిపింది. కింద నీళ్లు కదులుతుంటే, ఆమె గోడవైపు తిరిగి పడుకుని, “బిడ్డా, నువ్వు గా ఆఫీసులనే ఉంటవు గద, ఒక్క మోరి తేలేవా?” అని అడిగేది. పెద్ద మోరి కట్టాలంటే దానికి సరైన డ్రాయింగ్ కావాలి. డ్రాయింగ్ మీద చదువుకున్న ప్లానర్ సంతకం లేకపోతే పైన ఆఫీసులో ఫైలు చూడనైనా చూడరు. కుర్చీ ఖాళీగా ఉన్నంతకాలం మా వాడలో మంచాల కింద ఇటుకలు ఉండాల్సిందే. ఆమె పోయాక కూడా ఆ ఇటుకలను నేను పారేయలేదు.

మళ్లీ నోటిఫికేషన్ వేశారు. అప్పుడు మా కమిషనర్ సారు నన్ను పిలిచి, “చూడమ్మా, ఈసారి గూడ మనిషి నిలవకపోతే ఈ పోస్టే తీసి వేరే ఊరికి ఇస్తరట” అన్నారు. ఇంటర్వ్యూలు కరీంనగర్‌లో. మా ఊరి తరఫున ఫైళ్లు పట్టుకుని నేను వెళ్లాను.

అక్కడ వరండాలో బెంచీల మీద అభ్యర్థులు కూర్చుని ఉన్నారు. అందరూ పైఊళ్ల పిల్లలే. నేను వెళ్లి వాళ్ల మధ్యలో కూర్చుని, సంబంధం కుదిర్చే మనిషిలా మా ఊరిని పొగడడం మొదలుపెట్టాను. గాలి మంచిది, నీళ్లు తీపి, సెలవు దొరికితే బాసర పోయి గోదారిలో మునిగి సరస్వతమ్మను చూసి రావచ్చు అన్నాను. ఒకబ్బాయి సినిమా హాలు ఎన్ని తెరలని అడిగాడు. తెర ఒకటే, అదీ చిరిగింది అని చెప్పేసరికి ఫోనులోకి తలదించాడు.

ఇంటర్వ్యూ ముగించుకుని చివర కూర్చున్న ఓ అమ్మాయి మాత్రం నావైపు తిరిగి, “మీ ఊళ్లో ఏం బాగోలేదండీ?” అని అడిగింది. విశాఖ వైపు పిల్ల. సన్నగా, కళ్లద్దాలతో, ఒళ్లో డ్రాయింగుల గొట్టం పెట్టుకుని ఉంది. బాగాలేనిది చెప్పమంటే నాకు కష్టమా? చలి గురించి చెప్పాను, కుర్చీ గురించి చెప్పాను, మా గల్లీ నీళ్ల గురించి చెప్పాను. మా అత్త మంచం గురించి చెబుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఆ పిల్ల తన నీళ్ల సీసా నా చేతికిచ్చింది.

అంతలో లోపలినుంచి కరీంనగర్ ఆఫీసు పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఇంటర్వ్యూ బాగా చేసిందని ఆమెను మెచ్చుకుని, “నీ మార్కులకు గా అడవిల ఏం చేస్తవమ్మా? ఇక్కడనే ఆప్షన్ వెట్టు. హైదరాబాద్ గూడ దగ్గర” అన్నాడు. మంచి మాటే చెప్పాడు పాపం. కానీ నా నోరు అప్పటికే లేచింది.

“సార్, మీ విస్తరి నిండ ఉంది. మా విస్తట్ల ఉన్న ఒక్క బుక్క గూడ మీకే గావాల్నా? పోయినసారి వచ్చేటాయన్ని గిట్లనే నడుమల ఆపుకున్నరు. మీ దిక్కు పిల్లలే మనుషులా, మా దిక్కోళ్లు కప్పలా, నీళ్లల్ల ఉండనీకె? గీ పిల్లను గూడ ఆపుకుంటె, రేపు మా వాడలకొచ్చి నీళ్లు మీరు ఎత్తిపోస్తరా?”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నేను ఫైలు చంకలో పెట్టుకుని, ఇక మా ఊరికి ఎవరొస్తారని తిట్టుకుంటూ లేచాను. వెనక్కి చూస్తే ఆ పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సాయంత్రం కాగితాలు వచ్చాయి. ఆమె ఆప్షన్ మా ఊరే పెట్టింది.

ఆమె చేరే రోజుకు మా ఆఫీసు పెళ్లి ఇల్లయింది. రిటైరైన టీచరు గారి మేడ మీద గది చూసిపెట్టాం. నేనో కొత్త గొంగడి కొన్నాను. ఆమె రాకముందే కమిషనర్ సారు అందర్నీ కూర్చోబెట్టి, “ఈమె పోతే పోస్టు పోయినట్టే. ఎవ్వరు గట్టిగ మాట్లాడద్దు. ఆమె మనసు నొవ్వద్దు. ముఖ్యంగా...” అని ఆగారు. అందరూ నావైపు చూశారు.

“నా తోని ఫికర్ లేదు సార్. గీ పిల్ల ముందట నేను నోరు తెరవ” అని మాటిచ్చాను.

నల్లాల సెక్షన్ చూసే భాయ్ నా పక్క టేబులాయన. మేం చేరినప్పటినుంచి రోజూ కొట్లాడుకుంటాం. ఆయన అక్కను పిలిచినట్టు మెల్లగా, “ఆపా, మీరు నోరు మూసుకుంటె మాకు పానం పరేషాన్ అయితది” అన్నాడు. నవ్వుకున్నాం. ఆ మాట ఎంత నిజమో అప్పుడు తెలీలేదు.

అలా ఆమె మాకు కొత్త అల్లుడైంది. మధ్యాహ్నం భోజనానికి వంతులు వేసుకున్నాం. ఒకరోజు మా ఇంటి జొన్నరొట్టె, ఉల్లికారం. ఇంకోరోజు భాయ్ ఇంటినుంచి బగారన్నం, దాల్చా. మరాఠీ మాట్లాడే అటెండరమ్మ శనగపిండితో పిఠ్లం చేసుకొచ్చి, “ఖా తాయీ, ఖా” అని తినమంటూ వెన్ను నిమిరేది. చాయ్ హోటల్లో ఆమెను పైసలు తీయనిచ్చేవాళ్లం కాదు. ఎండలో తిరిగితే నల్లబడుతుందని సైటుకు గొడుగు పంపేవాళ్లం. గొడుగు పట్టుకునే మనిషినీ పంపేవాళ్లం.

ఆమె ఏదైనా గీసి, “ఇక్కడ రోడ్డు ఇంత వెడల్పు సరిపోతుందంటారా?” అని అడిగితే, “సరిపోతది మేడం” అనేవాళ్లం. కాసేపాగి, “పోనీ, ఇంకొంచెం తగ్గిస్తే?” అంటే, “గది గూడ బరాబర్ ఉంటది మేడం” అనేవాళ్లం.

నాకైతే నరకమే. ఓసారి ఆమె ఒక ఫైలు ఆలస్యంగా తెచ్చింది. ఇంకొకరైతే నా నోటినుంచి ప్రాణాలతో బయటపడేవారు కాదు. నేను పళ్లు బిగబట్టి, “పర్వాలేదు మేడం” అన్నాను. ఆమె కదలకుండా నావైపు చూస్తూ నిలబడింది. ఇంకేమైనా అంటానేమో అన్నట్టు. నేను నవ్వాను. ఆమె వెళ్లిపోయింది. ఓసారి జ్వరంతోనే సైటుకు పోయి వచ్చింది. చెంప మీద ఒకటి వేసి పడుకోబెట్టాలనిపించింది. గటక జావ చేసి డబ్బాలో పంపించి ఊరుకున్నాను. పక్క గదిలో నేను భాయ్ మీద అరుస్తున్న అరుపులు ఆమెకు వినిపిస్తూనే ఉండేవి. ఆమె గదిలోకి అడుగుపెట్టగానే నా గొంతు ఆస్పత్రిలో నర్సు గొంతులా అయిపోయేది. ఆమెకు పడాల్సిన తిట్లన్నీ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనను తిట్టేదాన్ని. “గా పిల్ల చేసినదానికి నన్నెందుకే?” అని ఆయన నవ్వేవాడు. బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఎంత చప్పుడున్నా పట్టించుకోడు.

ప్రతి ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చేది. మా వంటింట్లో పీట మీద కూర్చుని, నేను రొట్టెలు చేస్తుంటే చూసేది. వాళ్లమ్మ చేపల పులుసు గురించి చెప్పేది. నాకు కడుపున ఆడపిల్ల లేదు. ఆ పిల్ల జడ రేగి ఉంటే చేతులు దురదపెట్టేవి, దువ్వి అల్లాలని. కానీ మేడం కదా. నేనూ ఆమెను మేడం అనేదాన్ని, ఆమె నన్నూ మేడం అనేది. వంటింట్లో ఇద్దరు మేడంలం.

ఎండాకాలం వచ్చేసరికి ఆమెలో మాట తగ్గింది. కరీంనగర్‌లో ఓ ఖాళీ పడిందని, ఆమెను అడుగుతున్నారని భాయ్ ఎక్కడో విన్నాడు. వెంటనే ఆమె గదిలోకి పోయి చూశాను. ఇన్ని నెలలైనా కుర్చీ మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఆ సాయంత్రమే వేములవాడ గుడి దిక్కు తిరిగి చేతులు జోడించాను. ‘రాజన్నా, గీ పిల్ల మా ఊళ్లె నిలిస్తె నీకు కోడెను కడత’ అని మొక్కుకున్నాను. పిల్లలు పుట్టాలని, పంటలు పండాలని కోడె మొక్కుతారు మా వైపు. టౌన్ ప్లానర్ నిలవాలని మొక్కింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తర్వాత కొన్నాళ్లకు పెద్ద మోరి డ్రాయింగ్ తయారైందని కమిషనర్ గదికి పిలిచారు. టేబుల్ మీద ఊరి పటం పరిచి ఉంది. దాని మీద ఆమె ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది. ఇంకా పైకి పంపలేదు, మీరంతా చూసి చెబితే ఖాయం చేస్తాను అంది. మేం చుట్టూ నిలబడ్డాం.

నేను వేలితో గీత వెంట పోయాను. పత్తి జిన్నింగ్ మిల్లు గోడ దాటింది. మా వాడ మలుపు తిరిగింది. గల్లీ వదిలి ఇళ్ల మధ్యకు దూరింది. ఆపైన నా వేలు ఆగిపోయింది. వెనక వేపచెట్టు, మూలకు తిరిగిన గది. మా ఇల్లే. గీత సరిగ్గా మా వంటింటి నడిమధ్య నుంచి పోయింది.

తలెత్తి చూశాను. ఆమె పటం వైపు చూడడం లేదు. నావైపే చూస్తోంది.

ఆ వంటింటిని ఆమె ఎరగదా? పొయ్యి ఎక్కడుందో, కిటికీ ఎటుందో తెలుసు కదా. అయినా గీసిందంటే, మోరికి వేరే దారి లేదన్నమాట అనుకున్నాను. ఇప్పుడు నేను నా ఇంటి కోసం నోరు తెరిస్తే, రేపు ప్రతివాడూ తన గోడ కోసం తెరుస్తాడు. డ్రాయింగ్ మూలపడుతుంది. ఈ పిల్ల విసిగి కరీంనగర్ పోతుంది. పోస్టు పోతుంది. మా అత్త అడిగిన మాట మళ్లీ గుర్తొచ్చింది. భాయ్‌కి మా ఇల్లు తెలుసు. ప్రతి దసరాకు వచ్చే మనిషి. ఆయన “అరే, గిది...” అని నోరు తెరవబోతే, టేబుల్ కింద ఆయన కాలు తొక్కాను.

“మంచిగుంది మేడం” అన్నాను.

అందరూ మంచిగుందన్నారు. మొక్కు తీరుతోంది, డ్రాయింగ్ కూడా అయిపోయింది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆమె మాత్రం పటాన్ని చుట్టచుట్టి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లింది. అలసిపోయిందేమో అనుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన వెళ్లి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

“మా అవ్వ చేతులతోని అలికిన పొయ్యి గద్దె గిది” అన్నాడు, వాళ్లమ్మను తలుచుకుని.

“ఎరుకే.”

“మోరి వస్తదా మరి?”

“వస్తది.”

“నీళ్లు రావు?”

“రావు.”

“అయితె పోనీ తియ్” అన్నాడు. లేచి మొదటి డబ్బా తనే ఎత్తాడు.

మిగతా జీవితంలో ఆయన నన్ను ఎన్నిసార్లు ఏడిపించాడో గుర్తులేదు గానీ, ఆ ఒక్క మాటకు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మర్నాటినుంచి ఇద్దరం వంటిల్లు ఖాళీ చేయడం మొదలుపెట్టాం. పప్పుల డబ్బాలు, తొక్కు జాడీలు ముందుగదిలోకి, గ్యాస్ పొయ్యి వరండాలోకి వచ్చాయి. మా అత్త రోలు మాత్రం కదల్లేదు. దాన్ని ఆఖర్న చూద్దామని వదిలేశాం. కూల్చడానికి ఎవరో వచ్చేదాకా ఆగవచ్చు కదా అని మీకనిపించవచ్చు. నా స్వభావం అంతే. పోయేదాని కోసం కూర్చుని ఎదురుచూడలేను.

ఆదివారం ఆమె వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా ఉంది. కొత్త బట్టలు వేసుకుంది. గడప బయటే నిలబడి, “మేడం, కరీంనగర్‌లో చేరమంటున్నారు. రేపు వాళ్లకు ఒప్పుకున్నానని చెప్పాలి. ముందు మీకు చెబుదామని వచ్చాను” అంది.

నేను మిఠాయి డబ్బా అందుకోలేదు. అన్నీ పోయాక మిఠాయి దేనికి? అప్పుడామె వరండాలో పొయ్యిని చూసింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

“ఇదేంటి, ఇక్కడ పెట్టారు?”

“మోరి రావాలె గద మేడం” అన్నాను.

ఆమె చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తింది. ఖాళీ అరలు, గోడ మీద జాడీలు ఉన్నచోట మిగిలిన తెల్లటి మచ్చలు, మధ్యలో ఒంటరిగా రోలు. వాటిని చూస్తూ నిలబడి, ఒక్కసారిగా కింద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. నేను బిత్తరపోయి మా ఆయన వైపు చూశాను. ఆయన మెల్లగా బయటికి జారుకున్నాడు.

“అది అసలు గీత కాదండీ” అంది వెక్కుతూ. “అసలు గీత మిల్లు గోడ వెంబడే పోతుంది. మీ ఇంటి జోలికే రాదు. మీరు అరుస్తారని గీశాను.”

“నేనా?”

“ఇన్ని నెలలు చూశాను. భాయ్ గారిని తిడతారు, అటెండర్ని తిడతారు, కమిషనర్ గారి మీద కూడా అరిచారు. నన్ను మాత్రం ఒక్కమాట అనరు. నేను ఏం గీసినా బాగుందంటారు. తప్పు గీసినా బాగుందంటారు. జ్వరంతో తిరిగినా జావ పంపిస్తారు తప్ప ఎందుకు తిరిగావని అడగరు. కరీంనగర్‌లో ఆ పెద్దాయన మీద మీరు అరిచిన అరుపు చూసి వచ్చానండీ నేను. పడేవాళ్లు, పడనివాళ్లు, కొట్లాడేవాళ్లు ఉన్న ఊరు అనుకున్నాను. వచ్చాక చూస్తే నన్ను పెళ్లివారిలా చూస్తున్నారు. రేపో మాపో పోయే మనిషితోనే కదా ఎవరైనా అలా ఉంటారు. మీ వంటింటి మీదుగా గీస్తేనన్నా నోరు తెరుస్తారనుకున్నాను. అప్పుడూ బాగుందన్నారు. ఇక నేనిక్కడ లేనట్టేనని...”

నాలో నెలల తరబడి అణిచిపెట్టిందంతా ఒక్కసారిగా పైకొచ్చింది. కమిషనర్‌కు ఇచ్చిన మాట ఏ గోదాట్లో కలిసిందో తెలీదు.

“ఓసి నీ అకల్ పాడుగాను! సదువుకున్న పిల్లవేనా నువ్వు? మనిషి బతికే ఇంటి మీదికెల్లి పెన్సిల్ తోని ఆటలా? గా పెద్దమనిషి గడప మీద కూసోని వాళ్లవ్వను యాదిజేసుకున్నడు తెలుసా? గా జాడీలు మోసి మోసి నా నడుం ఇరిగింది తెలుసా? ఎండల జొరంతోని తిరుగుతివి, చెంప వలగ్గొట్టాలనిపించింది, చేతులు కట్టుకొని కూసున్న! ఫైలు లేట్‌గ తెస్తివి, పండ్లు పటపట కొరుక్కున్న! తలకు నూనె ఉండదు, ఏళకు తిండి ఉండదు. కరీంనగర్ పోతదట! పో, నేను గూడ వస్త, గా పెద్దాయన్ని ఈసారి కళ్లద్దాలు గూడ తుడుచుకోనియ్య!”

అరుస్తూనే ఉన్నాను. వాడంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా ముక్కు తుడుచుకుంటూ నావైపు చూస్తోంది. కరీంనగర్ వరండాలో నవ్విన నవ్వే. నా ఊపిరి ఆగిపోయేదాకా తిట్టి, గోడకు చేరగిలబడి, “ఏం చూస్తున్నవ్? లే! నువ్వే తీయించినవ్, నువ్వే సదురు. ముందు గా తొక్కు జాడీ వట్టుకరా. పగిలిందో, చంపుత” అన్నాను.

ఆమె లేచింది. కొత్త బట్టలకు మసి అంటుకుంటున్నా పట్టించుకోలేదు. జాడీలు ఒక్కొక్కటీ తెచ్చి తెల్లమచ్చల మీద సరిగ్గా పెట్టింది. ఆ తర్వాత నేను ఆమెను పీట మీద కూర్చోబెట్టి, తలకు నూనె పెట్టి, ఇన్నాళ్లుగా చేతులు దురదపెట్టిన ఆ జడ గట్టిగా లాగి అల్లాను. “అబ్బా, మెల్లగా పెద్దమ్మా” అంది. మిఠాయి డబ్బా మా ఆయన వాడలో పంచేశాడు. దేనికని అడిగినవాళ్లకు, “మా ఆడామె నోరు తెరిచింది” అని చెప్పాడట.

మర్నాడు ఆఫీసులో ఆమె అసలు గీత ఉన్న పటం పరిచింది. నేను వంగి చూసి, “గిది మిల్లు గేటు ముందట మోరి తెరిచి ఉంచుతె బండ్లెట్ల పోతయ్?” అని గట్టిగా అడిగాను. కమిషనర్ సారు ఉలిక్కిపడ్డారు. ఆమె అంతకంటే గట్టిగా, “మూత వేస్తామండీ, ఇక్కడ రాశాను, చూడకుండా అరవకండి” అంది. భాయ్ టేబుల్ మీద చరిచి, “యా అల్లా, ఇయ్యాల ఆఫీసుకు పానమచ్చింది” అన్నాడు. ఆ సాయంత్రం ఆమె గదిలో చూస్తే కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు చెత్తబుట్టలో ఉంది.

కోడె మొక్కు తీర్చడానికి వేములవాడ పోయినప్పుడు ఆమెనూ తీసుకుపోయాం. కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతుంటే, దేనికి మొక్కారని అడిగింది. చెప్పాను. “అంటే నన్ను కట్టేసినట్టేనా?” అని నవ్వి, తాడు రెండో కొస తను పట్టుకుంది.

మోరి వెంటనే రాలేదు. సంతకాలు, గొడవలు, గోడల మీద కొట్లాటలు చాలా అయ్యాయి. ఒక వానాకాలం మళ్లీ ఇటుకల మీదే గడిచింది. ఆ మరుసటి ఏడు మోరి పూర్తయింది.

మొదటి పెద్ద వాన పడిన రోజు నేను గుమ్మంలో నిలబడి గల్లీని చూస్తూ ఉన్నాను. నీళ్లు వచ్చాయి, మలుపు దాకా పారాయి, అక్కడినుంచి మిల్లు గోడవైపు తిరిగి వెళ్లిపోయాయి. మా గడప పొడిగా ఉంది. మా ఆయన ఇటుకలను ఒక్కొక్కటే మోసుకుపోయి వేపచెట్టు కింద పేరుస్తున్నాడు. నాకు మా అత్త మంచం కళ్ల ముందు కదిలింది. నోరు నొక్కుకున్నాను.

అప్పుడే ఆ పిల్ల గల్లీలోకి వచ్చింది. గొడుగు లేదు, కళ్లద్దాల నిండా నీళ్లు, చెప్పులు చేతిలో. మోరిలో నీళ్లు పారుతున్నాయో లేదో చూడటానికి మేడ మీది గదినుంచి తడుస్తూ వచ్చింది. మలుపులో మోరి అంచున వంగి చూసి, నావైపు తిరిగి చెయ్యి ఊపింది.

“గింత వానల ఎందుకొచ్చినవే? నీకేమన్న పిచ్చిలేసిందా? మల్ల జొరమొస్తె ఎవలు చేస్తరు? ఇంట్లకు రా ముందు!” అని గల్లీ అంతా వినపడేలా అరిచాను.

ఎదురింటి ముసలామె కిటికీ తీసి, “గింత వానల ఎవరి మీద ఒర్లుతున్నవే?” అని అడిగింది.

“ఇంకెవరి మీద, మా పిల్ల మీద” అన్నాను.

ఆమె అచ్ఛా అని కిటికీ మూసుకుంది.